ఎస్తేరు మేడమ్, ఏడు ఫైరింజన్లు

మొన్న శనివారం ఇక్కడ అమెరికాలో, పిస్కాటవేలో మేం సరుకులు కొనే ఇండియన్ స్టోర్‌లో పనసపండు కోశారు. కోసింది వెనక కూరగాయల దగ్గర. నేనున్నది ముందర బియ్యం బస్తాల దగ్గర. అయినా ఆ వాసన పప్పుల వరస దాటి, అగరొత్తుల వరస దాటి, ఫ్రీజర్లలో పడుకున్న పరోటాలను పలకరించి, తిన్నగా వచ్చి నా ముక్కు పట్టుకుంది. నా చేతిలో మా ఆవిడ రాసిచ్చిన చీటీ ఉంది: కందిపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, ‘ఇంకేమీ కొనొద్దు’. ఆ చీటీని వెనక్కి తిప్పితే నిగనిగలాడే పసుపుపచ్చ కాగితం మీద ఒక పనసతొన బొమ్మ, దాని కింద ఒక సన్నటి గొట్టం బొమ్మ కనిపిస్తాయి. గంజాయి నూనె నింపుకుని పీల్చే వేప్ కార్ట్రిడ్జ్ అది. నిజానికి అదొక లేబుల్. ఏ పెట్టెకూ అంటుకోవలసిన అవసరం రాకుండానే మా ఇంటికి వచ్చిపడింది. అలాంటివి ఇంకా ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. నా ముదిమనవలు కూడా వాటి వెనకే సరుకులు రాసుకోవచ్చు.

ఒక చేతిలో బొమ్మ పనస, ముక్కులో నిజం పనస. కాళ్ళు కదల్లేదు. వెనక బండి తోసుకుంటూ వచ్చిన స్టూడెంట్ అమ్మాయి “అంకుల్, కొంచెం సైడ్ ఇస్తారా?” అని నాలుగుసార్లు అడిగిందట. నేను అక్కడే అరగంట నిలబడిపోయాను. సరే, రెండు నిమిషాలు. ఈ ‘సరే’ అనే మాట నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా కరీంనగర్‌లో మా వంశంలో ఎవరూ ఆ మాట అని ఎరగరు. మా నాన్న చెప్పే పాము మొదట మూరెడు ఉంటే, కథ అయ్యేసరికి మా వాకిట్లోంచి బస్టాండు దాకా సాగేది. ఆ రక్తమే నాదీ. అలాంటి నాచేత ‘సరే’ అనిపించిన మనిషి పేరు ఎస్తేరు. ఆమెను మీరు చూసి ఉండరు. చూసి ఉంటే నేను ఈ కథ ఇంత ధైర్యంగా మొదలుపెట్టేవాణ్ణి కాదు.

ఎస్తేరు మేడమ్‌ది నరసాపురం వైపు. ఎత్తు నాలుగడుగుల పదకొండు అంగుళాలు. అయిదడుగులని రాసుకోమంటే ఒప్పుకునేది కాదు. ఆఫీసుకు పంజాబీ డ్రెస్ మీద వాళ్ళాయన పాత స్వెటర్ వేసుకుని వచ్చేది, ఆదివారం తెలుగు చర్చికి మాత్రం గంజి పెట్టిన తెల్లచీర కట్టేది. డోనట్ల దుకాణం వెనక ఇటుక భవనంలో మూడు గదులు, నలుగురు మనుషులు: అదీ ఆమె నడిపిన కంపెనీ. ఐస్‌క్రీముల్లో, బిస్కట్లలో, దగ్గుమందుల్లో వాసనకూ రుచికీ వేసే రసాయనాలుంటాయి కదా, అవి మనుషులకు హాని చేస్తాయా చెయ్యవా అని ఉన్న పరిశోధనలన్నీ తిరగేసి, మనిషి రోజుకు ఎంత తింటాడో లెక్కగట్టి, చివరికి ఒక ఉత్తరం రాసివ్వడం మా పని. ఆ ఉత్తరం చేతికొస్తేనే తయారుచేసేవాడు ముందుకు కదులుతాడు.

ఇంటర్వ్యూలో ఆమె అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తే.

“శ్రీహరి గారూ, ఇప్పటిదాకా ఎన్ని రిపోర్టులు రాశారు?”

“రెండొందల దాకా ఉంటాయి మేడమ్.”

ఆమె తలెత్తలేదు. కుడిచేతి చూపుడువేలితో బల్లను మెల్లగా నొక్కింది, లిఫ్టులో కింది అంతస్తు బటన్ నొక్కినట్టు. “దిగండి.”

“యాభై?”

“ఇంకా.”

“పంతొమ్మిది మేడమ్.”

“అందులో మీ అంతట మీరు రాసినవి?”

“నాలుగు.”

“ఆఁ, గ్రౌండ్ ఫ్లోర్‌కి వచ్చాం. కాఫీ తాగుతారా?”

ఉద్యోగం వచ్చింది. ఎందుకిచ్చారని ఏడాది తరవాత అడిగితే నవ్వింది. “కోతలు కోసేవాళ్ళు రోజూ వస్తారబ్బాయ్. దిగమంటే దిగేవాళ్ళు తక్కువ.” వారం తిరిగేసరికి ‘గారు’ పోయి ‘అబ్బాయ్’ అయ్యాను. కోపమొస్తే మాత్రం మళ్ళీ ‘శ్రీహరి గారు’ అయ్యేవాణ్ణి. ఆ వేలు నా బతుకులో భాగమైపోయింది. టర్న్‌పైక్ హైవే మీద మూడు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానంటే వేలు కదిలేది, నలభై నిమిషాలకు దిగేవాణ్ణి. మా ఇంటి వెనక జింకల మంద వచ్చిందంటే వేలు కదిలేది, ఒక జింక మిగిలేది. గ్రీన్‌కార్డు క్యూలో నా ముందున్నవాళ్ళను వరసగా నిలబెడితే భూమిని మూడు చుట్లు చుట్టొస్తారని ఒకసారి అన్నాను. ఆ ఒక్కదానికి మాత్రం వేలు కదల్లేదు.

పని నేర్పిన తీరు కూడా ఆమెదే. ఏ కొత్త రసాయనం వచ్చినా చూసి ముందే ఏదో ఊహించుకోకూడదని సీసా మీది పేరు మడిచిన కాగితంతో కప్పేసేది. సన్నటి కాగితం ముక్క కొసను అందులో ముంచి, జానెడు దూరంలో పట్టుకుని, మరో చేత్తో వాసనను తనవైపు విసురుకునేది. మొదటి రోజు నేను ఆ ముక్కను ముక్కులోకే దోపుకోబోయాను. చేతిమీద ఒక్కటి వేసింది.

“ముక్కుని దానిదగ్గరికి తీసుకెళ్ళకు. దాన్నే రానీ. పలకరించి పంపించెయ్.”

“వాసన చూస్తే ఏమైతది మేడమ్? పిల్లల చాక్లెట్లలో వేసేదే కదా?”

“పిల్లలు చాక్లెట్ ఎలా తింటారు?”

“నోటితోటి.”

“మరి నువ్వు?”

ఆ రోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, పేపర్ నాప్కిన్ మీద ఆమె ఒక మనిషి బొమ్మ గీసింది. బొమ్మ కంటే వంకాయ నయం. నోట్లోంచి పొట్టలోకి ఒక గీత, పొట్టలోంచి కాలేయానికి ఒక గీత. “ఈ దారిలో గేటు దగ్గర కాలేయం కూర్చుని ఉంటుంది. వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపి, సంచీ విప్పి, ముక్కలు చేసి, ప్రమాదం లేకుండా చేసి పంపుతుంది. చాలావాటిని. అన్నిటినీ కాదు, అది మళ్ళీ వేరే పాఠం.” తరవాత ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి ఇంకో గీత గీసి, పెన్ను అక్కడే ఆపింది. “ఈ దారిలో గేటు దగ్గర అంత పనిచేసేవాళ్ళు ఎవరూ లేరు. తిన్నగా నెత్తుట్లోకే. అందుకని ఏ సీసా వచ్చినా మొదటి ప్రశ్న అది మంచిదా చెడ్డదా అని కాదు. ఏ దారిన పోతుంది? అది తెలిశాకే మిగతావి.” ఆ నాప్కిన్‌కు పప్పు మరక అంటుకుంది. చాలాకాలం దాచుకున్నాను. ఫ్రేము కట్టించానని కూడా అందరికీ చెప్పాను. కట్టించలేదు.

ఇక్కడ మేముండే రాష్ట్రంలో గంజాయి అమ్మకాన్ని చట్టం ఒప్పుకున్న కొత్తల్లో డగ్ వచ్చాడు. పెద్ద గడ్డం, మంచులో కూడా నిక్కరు, గది గోడలు అదిరేట్టు నవ్వు. గంజాయి సారం కలిపిన గమ్మీలు, అంటే నమిలి తినే జెల్లీ బిళ్ళలు, చేస్తాడు. వాటికి పనస వాసన కావాలట. ఆ వాసననిచ్చే రసాయనం ఆహారాల్లో చాలాకాలంగా వాడుతున్నదే. దాని పూర్తి పేరు చెప్పాలంటే మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగాలి, అందుకని మేం పనస అనే పిలిచేవాళ్ళం. చర్చిలో పాటలు పాడే మనిషి గంజాయి వ్యాపారి ఫైలు తీసుకుంటుందా అని నాకు అనుమానం. అడిగేశాను కూడా.

“తినమని నేనెవరికీ చెప్పనబ్బాయ్. తినేవాళ్ళు ఎలాగూ తింటారు. ఏం తింటున్నారో చూసేవాళ్ళు ఒకరుండొద్దూ?”

రెండు నెలలు చూశాం. ఒంట్లోకి పోయాక పనస ఎలా విడిపోతుంది, ఒక మనిషి ఒక రోజులో గట్టిగా తింటే ఎన్ని గమ్మీలు తింటాడు, అందులో పనస ఎంత, హాని కనిపించిన మోతాదుకు అది ఎంత దూరంలో ఉంది. దూరం చాలానే ఉంది. తినడానికి ఈ మోతాదులో ఫరవాలేదని ఉత్తరం రాసిచ్చాం. డగ్ ఆమె చెయ్యి పట్టుకుని ఊపిన ఊపుకు ఆమె కళ్ళజోడు జారింది.

ఆ తరవాత మూడు నెలలకు ఆమె కూతురి పురుడని కాలిఫోర్నియాలో శాన్ రామన్‌కు వెళ్ళింది. ఆఫీసు నాకప్పగించింది. బుధవారం డగ్ ఫోన్ చేశాడు. అదే పనస, అదే మోతాదు, ఈసారి వేప్ కార్ట్రిడ్జ్‌లో. ఉత్తరంలో ఒక్క మాట కలిపితే చాలన్నాడు. “యు ఆర్ ద మ్యాన్, శ్రీ!” అన్నాడు. నా బలహీనత అదే. ఎవరైనా నన్ను మొనగాడంటే నిజంగానే మొనగాణ్ణవుతాను. మేడమ్ లేకుండా ఒక ఉత్తరం రాసిచ్చేసి, ఆమె రాగానే చూపించి మెప్పు పొందాలనుకున్నాను. పాత ఉత్తరం తెరిచాను. ‘గమ్మీలు’ అన్నచోట ‘గమ్మీలు, వేప్ కార్ట్రిడ్జ్‌లు’ అని కొట్టాను. కింద ‘ఉద్దేశించిన వాడకంలో సురక్షితం’ అన్న వాక్యం ఉన్నది ఉన్నట్టే ఉంది. దాని కింద నా సంతకం. టీ చల్లారేలోపు ఉత్తరం వెళ్ళిపోయింది. డగ్ నుంచి వరసగా ఎనిమిది చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఈ ఎనిమిది నిజంగా ఎనిమిదే.

సోమవారం మేడమ్ వచ్చింది. మనవరాలి ఫొటోలు చూపించింది, స్వీట్లు పంచింది, ఫైళ్ళు తిరగేసింది. పది నిమిషాల తరవాత తన గదిలోంచి పిలిచింది.

“శ్రీహరి గారూ.”

ఆ ‘గారు’ వినగానే చేతిలోని స్వీటు బల్ల మీద పెట్టేసి వెళ్ళాను.

“ఇది ఏ దారిన పోతుంది?”

నేను మొదలుపెట్టాను. ప్రపంచమంతా తింటోందన్నాను. ఐస్‌క్రీములన్నాను, కేకులన్నాను, మోతాదు ఒకటేనన్నాను. ఆమె వేలు కదల్లేదు. నేను అలిసిపోయేదాకా ఆగింది.

“అడిగింది ఒకటే కదబ్బాయ్. ఏ దారిన?”

“పీల్చే దారిన.”

“ఆ దారిన పోతే ఏమవుతుందో ఏం చూశావు?”

“చూడలేదు.”

“ఆ గొట్టంలో వేడెక్కే తీగచుట్ట, ఆ కాయిల్ మీద కాగాక అది పనసగానే ఉంటుందా, ఇంకోటవుతుందా?”

“తెలియదు మేడమ్.”

ఆమె దిగమనకుండానే నేను దిగిన మొదటిసారి అది. గదిలో కుర్చీ ఉంది కానీ కూర్చోవాలనిపించలేదు. నా వీసా ఆ ఉద్యోగానికి కట్టేసి ఉంది. ఉద్యోగం పోతే మరోటి దొరికించుకోవడానికి అరవై రోజులు గడువు, లేదంటే క్యూ, భూమి, మూడు చుట్లు, అన్నీ వదిలేసి పెట్టె సర్దుకోవడమే. ఆ భయంతో నోటికొచ్చింది అనేశాను. “లేబుళ్ళు ప్రింట్ చేయించేశాడట మేడమ్. రెండు వారాల్లో షాపుల్లోకి వస్తయట. ఇప్పుడెట్ల చెప్తం?”

“నిన్ను ఉద్యోగంలోంచి తీస్తానని భయపడుతున్నావా?”

“అవును మేడమ్.”

“తియ్యను. కానీ నీ భయం చూసుకుంటూ కూర్చుంటే, రెండు వారాల తరవాత అది పీల్చేవాళ్ళ సంగతి ఎవరు చూస్తారు? వాళ్ళు నీ సంతకం చూసి కొనరు. డగ్ నీ సంతకం చూసి అమ్ముతాడు, డగ్‌ని చూసి వాళ్ళు కొంటారు. ఉత్తరం నువ్వు రాశావు, నువ్వే వెనక్కి తీసుకోవాలి. నేను పక్కన కూర్చుంటా.”

శుక్రవారం డగ్ నవ్వుతూ వచ్చాడు. లేబుల్ ఒకటి బహుమతిగా తెచ్చాడు. నేను దాన్ని చేతిలో పట్టుకునే చెప్పాను: నేను తెలియని దాన్ని తెలిసినట్టు రాశాను, ఆ ఉత్తరం చెల్లదు, వెనక్కి ఇచ్చెయ్యండి. ఆ మూడు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పడానికి నాకు పట్టినంత సేపు ఎవరికీ పట్టి ఉండదు. డగ్ నవ్వు గడ్డంలోకి వెళ్ళిపోయింది. తినేదే కదా అన్నాడు. అందరూ తింటున్నారు కదా అన్నాడు. మా పోటీవాళ్ళు ఒక్క పూటలో సంతకం పెట్టిస్తారు, అక్కడికే వెళ్తానన్నాడు. బెదిరింపు కాదు, నిజంగానే వెళ్ళగలడు. వెళ్తే ఆ గొట్టాలు షాపుల్లోకి వస్తాయి, నేను వెనక్కి తీసుకున్న ఉత్తరం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. మేడమ్ వాదించలేదు.

“ఆదివారం మధ్యాహ్నం పనుందా డగ్? మా చర్చిలో భోజనాలు. వచ్చి తిని, ఆ తరవాత నీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళు.”

తిండి అంటే కాదనలేని మనిషి డగ్. సోమవారం వేరేవాళ్ళతో మీటింగ్ పెట్టుకున్నానని చెప్పి మరీ ఒప్పుకున్నాడు.

తెలుగు చర్చికి సొంత గుడి లేదు. ఒక అమెరికన్ చర్చిలో మధ్యాహ్నం పూట హాలు, వంటగది అద్దెకిస్తారు. నెలకోసారి ఆరాధన అయ్యాక ప్రేమవిందు, అంటే అందరికీ భోజనాలు. నేను చర్చి మనిషిని కాకపోయినా బిర్యానీ మనిషిని కాబట్టి ఆ ఆదివారాలు తప్పేవాణ్ణి కాదు. డగ్ లోపలికి రాగానే, అక్కడి భోజనాలన్నీ చేతిమీదుగా నడిపే కమలమ్మ ఆంటీ మేడమ్ చెవి దగ్గరికి వచ్చింది. గుసగుస అనుకుని ఆమె అన్న మాట హాలంతా వినిపించింది.

“ఏమే ఎస్తేరూ, గంజాయి ఆయన్ని చర్చికి తీసుకొచ్చావంట?”

“ప్రార్థనకి కాదక్కా, పప్పుకి.”

“అయితే ముందు కూర్చోబెట్టు. చూడు పాపం, నిక్కరుతో వణికిపోతన్నాడు.”

ఆకలి ఆగని డగ్‌కు ముందుగా వేయించిన ఊరమిరపకాయలు పెట్టారు. మూడు తిన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా, “ఇదేం కారం? ఐ లవ్ ఇట్!” అని బల్ల చరిచాడు. వంటగదిలో రెండు గంగాళాల పప్పు తాలింపు కోసం ఎదురుచూస్తోంది. మేడమ్ నన్ను లోపలికి పిలిచింది. “నూనె పెట్టి నాలుగు ఎండుమిరపకాయలు వెయ్. ముందు పైన ఫ్యాన్ వెయ్” అని, తాను పళ్ళేలు సర్దడానికి వెళ్ళింది.

వందమందికి నాలుగు మిరపకాయలేమిటి? నా రక్తం ఊరుకుంటుందా? దోసెడు తీశాను. గోడమీద ఉన్న స్విచ్ వేశాను. అది ఫ్యాన్‌ది కాదు, లైటుది. నూనె పొగలు కక్కుతోంది. దోసెడు మిరపకాయలూ ఒక్కసారిగా అందులోకి దూకాయి.

ముందు నాకు దగ్గొచ్చింది. తరవాత వంటగదికి వచ్చింది. తరవాత హాలుకు వచ్చింది. పాటలు పాడే కాయిర్ వరసలో మొదలైన దగ్గు నాలుగు స్వరాల్లో చివరి కుర్చీదాకా పోయింది. పిల్లలు కిచకిచా నవ్వుతూ దగ్గుతూ బయటికి పరిగెత్తారు. పాస్టర్ గారు ఆశీర్వాదం కోసం ఎత్తిన చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆపైన అలారం మోగింది. అందరం కోట్లు లేకుండానే పార్కింగ్ లాట్‌లో నిలబడ్డాం. ఏడు ఫైరింజన్లు సైరన్లు మోగించుకుంటూ వచ్చాయి. సరే, ఒకటి. నలుగురు దిగారు. మంట ఎక్కడని అడిగారు. కమలమ్మ ఆంటీ నన్ను చూపించింది.

డగ్ ఒక కారు బానెట్ మీద చేతులానించి వంగి, ముక్కు చీదుకుంటూ, గడ్డమంతా తడుపుకుని దగ్గుతున్నాడు. మేడమ్ కాగితం పళ్ళెంలో అన్నం, పప్పు, పైన నూనెలో వేగిన మిరపకాయ పెట్టుకుని వచ్చింది. ఫైరువాళ్ళు లోపలికి వెళ్ళనిచ్చేదాకా కాచుకుని, మొదటి పళ్ళెం పట్టుకొచ్చిందామె.

“తిను.”

“మళ్ళీ ఆ విషమా?” అన్నాడు డగ్.

“అదే కాయ, అదే నూనె. తిను.”

అతను అనుమానంగా మిరపకాయ కొరికాడు. నమిలాడు. ఇంకో ముద్ద తిన్నాడు. దగ్గు లేదు. నమలడం ఆపి పళ్ళెం వంక చూశాడు, తలుపులోంచి ఇంకా పాకుతున్న పొగ వంక చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

“ఆ కార్ట్రిడ్జ్ రెండు వారాలుగా నేను రోజూ పీలుస్తున్నాను. ఒక్కసారి కూడా దగ్గు రాలేదు, ఎస్తర్.”

“మిరపకాయ మర్యాదస్తురాలు డగ్. కొంపలోకి రాగానే నేనొచ్చానని అరిచి చెప్తుంది. నీ పనస చెప్పడం లేదు. మంచిదై చెప్పడం లేదో, చెడ్డదై చెప్పడం లేదో నాకు తెలియదు. అదే నా భయం. ముందు నువ్వు మానెయ్యి.”

ఆ చివరి మాట దగ్గర అతను తలెత్తి ఆమెను చూసిన చూపు నాకు గుర్తుంది. అప్పటిదాకా ఆమె తన సరుకుకు అడ్డుపడుతోందనుకున్నాడు. తనను కూడా లెక్కలో వేసుకుందని అప్పుడే తెలిసింది. పళ్ళెం ఖాళీ చేశాడు. ఫైరువాళ్ళు కూడా తిన్నారు. ఒకతను గిన్నెలో పట్టుకెళ్ళాడు.

సోమవారం ఆ మీటింగ్‌కు డగ్ వెళ్ళలేదు. మాకు రెండు వాక్యాలు పంపాడు. ఒకటి: గమ్మీలు మాత్రమే, కొత్త ఉత్తరం ఇవ్వండి. రెండు: ఆ పప్పు ఎలా చేస్తారు? మేడమ్ నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి తాను వెనక నిలబడింది. నేను మొదట ఒకటిన్నర పేజీ రాశాను. వేలు కుర్చీ వీపు మీద తట్టింది. పేజీకి దిగాను. మళ్ళీ తట్టింది. చివరికి మిగిలింది ఇంతే: తినడానికి, ఈ మోతాదులో, ఫరవాలేదు. పీల్చడానికి, మాకు తెలియదు. తెలిసేదాకా వాడవద్దు. “ఆ ‘తెలియదు’ ఉంది చూశావూ, అది రాయడానికే చదువుకోవాలబ్బాయ్” అని, నా సంతకం పక్కన తన సంతకం పెట్టింది. వారం తరవాత డగ్ ఒక అట్టపెట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ప్రింట్ చేయించిన లేబుళ్ళన్నీ ఇచ్చేశాడు. “వెనకవైపు ఖాళీయే కదా శ్రీ, ఏదైనా రాసుకో” అని, గది అదిరేట్టు నవ్వాడు.

రెండేళ్ళ తరవాత ఆమె రిటైరయింది. విందు మళ్ళీ ఆ హాల్లోనే. తాలింపు దరిదాపులకు నన్ను రానివ్వకుండా కమలమ్మ ఆంటీ వంటగది తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది. నన్ను మాట్లాడమన్నారు. ఇంకేముంది, ఏడు ఫైరింజన్లూ వచ్చాయి. నిచ్చెనలు లేచాయి. ఎస్తేరు మేడమ్ నెలరోజుల ముందే పథకం వేసి, ఫ్యాన్ స్విచ్ తానే మార్చిందని కూడా చెప్పేశాను. జనం బల్లలు చరుస్తూ నవ్వుతున్నారు. నేను ఆమె వేలు వంకే చూస్తున్నాను. లేచింది, బల్ల మీదికి వచ్చింది, ఆగింది. నొక్కలేదు. ఆ వేలితోనే పాయసం గిన్నె దగ్గరికి లాక్కుంది.

తరవాత చేతులు కడుక్కునే చోట అడిగాను. “దిగమనలేదేంటి మేడమ్ ఇయ్యాల?”

“పథకం నాదని చెప్పావు చూడు, అది మాత్రం అబద్ధం. ఆ దోసెడు నీదే. మిగతాదంటావా,” అని చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. “అన్నం తింటూ విన్నవాళ్ళకి ఏడు ఫైరింజన్లు చెప్తే ఎవరికి హాని? నవ్వుతారు, అరిగిపోతుంది. అదే అబద్ధం ఉత్తరంలోకి పోయిందనుకో, ఎవరో తెలియనివాళ్ళ ఊపిరిలోకి పోతుంది. నీ కథల్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదబ్బాయ్. ఏ దారిన పోతున్నాయో చూసుకోమన్నాను, అంతే.”

ఇన్నేళ్ళలో నన్ను చాలామంది అబద్ధాలకోరు అన్నారు, కొందరు ప్రేమతోనే. నాలో ఉన్నదాన్ని పారెయ్యకుండా, దానికో దారి చూపించినది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ మూడు గదుల్లో ఆమె కుర్చీలో నేను కూర్చుంటున్నాను. కొత్త సీసా వస్తే పేరు కప్పేస్తాను, కాగితం ముక్క జానెడు దూరంలో పట్టుకుంటాను. ఉత్తరం పంపేముందు నా చూపుడువేలు దానంతటదే బల్లను వెతుక్కుంటుంది. ఉత్తరం వెళ్ళిపోయాక లేచి పక్క గదిలోకి వెళ్ళి, మా ఇంటి వెనక జింకల మంద గురించి చెబుతాను.

ఆ శనివారం స్టోర్‌లో, చీటీలో లేకపోయినా పనసతొనల డబ్బా ఒకటి కొన్నాను. కారులో కూర్చుని, రిటైరయ్యాక కూతురి దగ్గరే ఉంటున్న మేడమ్‌కు శాన్ రామన్‌కు ఫోన్ చేశాను. బడికి పోయే వయసొచ్చిన మనవరాలితో చదరంగం ఆడుతోందట.

“మేడమ్, ఇక్కడ పనసపండు కోశారు. తొన ఒక్కొక్కటి కొబ్బరికాయంత ఉంది!”

“దిగు.”

“నిమ్మకాయంత.”

“ఇంకా.”

“మామూలు తొనే మేడమ్.”

“ఆఁ. తియ్యగా ఉందా?”

“ఉంది.”

అవతల చదరంగం పావు కదిపిన చప్పుడయింది. తరవాత ఆమె అడిగింది. “ఆ పనస అంటే గుర్తొచ్చింది. మన డగ్ ఎలా ఉన్నాడు? ఆ గొట్టాలు మళ్ళీ మొదలుపెట్టలేదు కదా?”

“లేదు మేడమ్. గమ్మీలే చేస్తున్నడు. మొన్న పప్పు చేసి ఫొటో పంపిండు.”

“దగ్గూ గిగ్గూ?”

“లేదు.”

“ఆ కార్ట్రిడ్జ్‌ల సంగతి, ఆ తరవాత ఎవరికైనా ఏమైనా?”

“షాపుల్లోకి రాలేదు కదా మేడమ్. ఏమీ జరగలే.”

నేను దిగుతానేమోనని ఆమె అలవాటుగా ఆగింది. నేనూ ఆగాను. ఒడిలో డబ్బా మూత తెరిచే ఉంది, కారంతా పనస వాసన. ఎంత వెతికినా దిగడానికి ఇంకో మెట్టు దొరకలేదు.

“నిజంగనే ఏమీ జరగలే మేడమ్,” అన్నాను.